గుంజ పాతని పని

ఫిజీ దీవుల్లోని ఈ నవువాలో నన్ను మాట సాయం మామ్మ అంటారు. దొరల ఇళ్లలోనో షావుకార్ల ఇళ్లలోనో పనిచేసే ఆడమనిషికి ఏ ఇబ్బంది వచ్చినా ఎవరో ఒకరు నా గుమ్మం చూపిస్తారు. "పోయి ఆ మామ్మని అడుగు. గిర్మిట్ రోజుల్లోనే ఇన్‌స్పెక్టర్ దొర ముందు నిలబడి ఇంటిపని ఆడవాళ్ల కోసం మాట్లాడిన మనిషి" అంటారు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా నాకు చెంప మీద కొట్టినట్టుంటుంది. నేను మాట్లాడిన సంగతి నిజమే. కానీ దానికి ముందు, మాట్లాడాల్సిన రోజున, మాట్లాడకుండా మింగేసిన మాట ఒకటుంది. మా వాళ్లలో అది తెలిసిన మనిషి ఒక్కతే, ఆమె దాన్ని ఎవరి దగ్గరా అనలేదు.

అక్షరాలు నాకు ముసలితనంలో వచ్చాయి. మనవరాలు పలక మీద దిద్దుతుంటే పక్కన కూర్చుని నేనూ దిద్దాను. రాయడం వచ్చాక ముందుగా ఇదే రాయాలనుకున్నాను. అనుకున్నాక కూడా ఇన్నేళ్లు ఇవాళ రేపు అంటూ జరుపుకొచ్చాను. ఇంక జరపడానికి రోజులు లేవు.

మాది విశాఖపట్నం వైపు. మొగుడు పోయాక అత్తింట్లో అన్నం కంటే మాటలే ఎక్కువ తిని, విసిగి, ఒక మేస్త్రీ మాట నమ్మి, కూలీల్ని ఓడ ఎక్కించే మద్రాసు డిపోకి చేరాను. అక్కడి నుంచి ఓడ. ఎక్కిన మూడో రోజుకే వాంతులు, జ్వరం, తల ఎత్తలేకపోయాను. పక్క చాప మీద ఒక చిన్నది ఉండేది. నాకంటే ఆరేడేళ్లు చిన్న, మొగుడితో వస్తోంది. మనిషికింత అని కొలిచి పోసే మంచినీళ్లలో తన వంతు తెచ్చి నా నోట్లో పోసింది. "అప్పా, గుటకెయ్యి. ఒక్క గుటక" అంటూ నా తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మా వైపు అక్కని అప్ప అంటాం. నా సొంత చెల్లెళ్లు కూడా నన్ను అంత ప్రేమగా పిలవలేదు.

ఒకే ఓడలో వచ్చినవాళ్లు తోబుట్టువులన్నది ఫిజీకి వచ్చిన గిర్మిట్ మనుషుల కట్టు. ఏ కులం, ఏ ఊరు అని లేదు. ఓడ చెల్లెలి బిడ్డకి నేను పెద్దమ్మని. ఓడ చుట్టాల పిల్లల మధ్య పెళ్లి కూడా చెయ్యరు, అంత పట్టింపు. సొంతవాళ్లందరినీ సముద్రం అవతల వదిలేసి వచ్చాం కదా, ఆ చుట్టరికం తప్ప మాకు ఇంకేమీ లేదు.

మా ఇద్దర్నీ, ఆమె మొగుణ్నీ నవువా నది ఒడ్డున ఒకే చెరకు తోటకి వేశారు. గిర్మిట్ అంటే ఐదేళ్ల కట్టుబాటు కాగితం. వేలిముద్ర వేశాక ఐదేళ్లు నిండేదాకా తోట దాటి పోకూడదు. నిండితే ఫ్రీ పేపర్ ఇస్తారు, అప్పుడు మన కాళ్లు మనవి. తోట మీద పెత్తనం చేసే తెల్లదొరని మేము కొలంబర్ అనేవాళ్లం. అతని కింద సిర్దార్. పొద్దున్నే సిర్దార్ వెదురుకర్రతో చెరకు వరసలు కొలిచి, ఎవరి వంతు ఎక్కడ ముగుస్తుందో అక్కడ ఒక గుంజ పాతేవాడు. ఆ వంతుని టాస్కు అనేవాళ్లు. నడుం విరిగేంత పెద్ద టాస్కు. అయినా ఒకటి మాత్రం ఉంది, గుంజ దాకా పారతో తవ్వుకుంటూ వెళ్లామా, ఆ రోజుకి పని అయిపోయినట్టే. పొద్దు ఎక్కడున్నా సరే, పార భుజాన వేసుకుని లైనుకి, అంటే మా కూలి గదుల వరసకి, పోవచ్చు.

ఏడాది తిరక్కుండా నన్ను కొలంబర్ బంగళా వంటింట్లోకి పిలిచారు. అక్కడ వండే హిందుస్తానీ పెద్దావిడ దగ్గర వంటా నేర్చుకున్నాను, భాషా నేర్చుకున్నాను. ఆవిడ ఫ్రీ అయి వెళ్లిపోయాక వంటిల్లు నాదైంది. ఆ తోటలోని తెలుగువాళ్లలో హిందుస్తానీ గడగడా మాట్లాడేది నేనొక్కదాన్నే. సిర్దార్‌తో చెప్పుకోవాలన్నా, ఆస్పత్రిలో రోగం చెప్పుకోవాలన్నా అందరూ నా కొంగు పట్టుకునేవాళ్లు. కళ్లు నెత్తికెక్కాయి నాకు. ఎక్కలేదంటే అబద్ధం.

మూడో ఏడు దొరసానికి కొడుకు పుట్టాడు. అదే రోజుల్లో లైనులో నా ఓడ చెల్లికి కూతురు పుట్టింది. ఆమె బిడ్డకి మూడు నెలలు వచ్చేసరికి దొరసాని ఆయా కావాలంది, సిర్దార్ ఆమెని తెచ్చి బంగళాలో నిలబెట్టాడు. నేను ఎంత సంతోషపడ్డానో! ఎండా వానా తప్పింది, ఇద్దరం ఒక చోట ఉంటాం అనుకున్నాను. ఆమె కూడా మొదటి రోజు నవ్వుతూనే వచ్చింది.

బిడ్డని మాత్రం బంగళాకి తేకూడదన్నారు. లైను పిల్లలతో జ్వరాలు వస్తాయని దొరసాని భయం. చెడ్డ మనిషి కాదు, పాత గుడ్డలూ బిస్కెట్ డబ్బాలూ చేతికి ఇచ్చేది. ఆ భయం మాత్రం వదల్లేదు. పొలానికి పోయే తల్లులు పిల్లల్ని లైనులో ఒక ముసలామె దగ్గర వదిలేవాళ్లు, ఈమె కూడా అక్కడే వదిలింది. కానీ వాళ్లు గుంజ దాటగానే పరుగున వచ్చి బిడ్డని ఎత్తుకునేవాళ్లు. ఈమెకి దాటే గుంజ లేదు. తెల్లారకముందు వచ్చేది, బాబు నిద్రపోయి, దీపాలు తుడిచి, దొరల భోజనం బల్ల సర్దాక వెళ్లేది. అప్పటికి బిడ్డ నీళ్ల గంజి తాగి ఏడ్చి ఏడ్చి పడుకునేది.

ఒకరోజు అంట్లు తోముతూ నాతో అంది. "అప్పా, పొలంలో గుంజుంటాది. గుంజకాడికెల్తే పని అయిపోతాది. ఈ ఇంట్లో గుంజెక్కడ పాతేరో కనుక్కోయే."

"దొరసాని మంచం కింద పాతుంటారు, ఎల్లి సూడు" అన్నాను. ఇద్దరం పగలబడి నవ్వాం. కాసేపటికి చూస్తే ఆమె నవ్వడం లేదు. జాకెట్టు ముందంతా తడిసిపోయి ఉంది. కొంగు అడ్డం పెట్టుకుని వెనక్కి పోయింది.

ఆ తర్వాత అది రోజూ చూశాను. మధ్యాహ్నం దొరసాని తలుపులు వేసుకుని పడుకునేది. బాబు కూడా పడుకునేవాడు, కానీ లేచి ఏడుస్తాడని ఆయా పక్కనే ఉండాలి. ఆమె వాణ్ని ఉయ్యాల్లో వేసి, ఒక్క నిమిషం వంటింటి వెనక బట్టలుతికే రాయి దగ్గరికి వచ్చి, పాలు పిండి నేలపాలు చేసి, మొహం కడుక్కుని మళ్లీ లోపలికి పోయేది. అదే వేళకి నేను పొయ్యి ఆర్పి, గుమ్మం పక్కన గోనెసంచి పరుచుకుని నడుం వాల్చేదాన్ని. రోజు మొత్తంలో నాకంటూ ఉన్నది ఆ ఒక్క గంట. ఆమె రావడం కళ్లబడితే గోడవైపు తిరిగి పడుకునేదాన్ని. సిగ్గుపడుతుందేమోనని అలా చేస్తున్నానని నాకు నేనే చెప్పుకునేదాన్ని.

ఇంటిపనికి కూడా టాస్కు కొలిచి పెట్టమని ఆమె సిర్దార్‌ని అడిగింది, నా నోటితోనే. అతను పడీ పడీ నవ్వాడు. "నీడలో కూర్చుని పిల్లాణ్ని ఆడించడం కూడా ఒక పనేనా? దానికి టాస్కు ఒకటా? మళ్లీ పొలానికి పోతావా చెప్పు, ఇప్పుడే పార ఇస్తాను" అన్నాడు. ఆ నవ్వు ఆమెకి బాగా తగిలింది. ఐదో రోజు చూస్తే నడుముకి ఒక కొబ్బరితాడు దోపుకుంది. పని ఒకటి అయినప్పుడల్లా దానికి ఒక ముడి వేస్తోంది. నీళ్లు మోస్తే ముడి, గది ఊడిస్తే ముడి, బాబుకి స్నానం పోస్తే ముడి.

"ఏటే ఆ తాడు, మతి పోయిందేటి?" అన్నాను.

"సిర్దారు వెదురుకర్రతో కొలుత్తాడు. నానిలగ కొలుత్తన్నాను. ఇనుస్పెట్రు దొర వొత్తాడంట గదా, ఆడికి సూపిత్తాను. ఎన్ని ముడులకి ఒక టాస్కో ఆడే సెప్తాడు" అంది. ఆ రోజు దీపాల వేళకి తాడు మీద ముడి వెయ్యడానికి చోటు లేదు.

ఇన్‌స్పెక్టర్ దొర అంటే కూలివాళ్ల కష్టసుఖాలు విచారించడానికి సువా నుంచి సర్కారు పంపే మనిషి. ఎప్పుడో ఒకసారి వచ్చేవాడు. అతనికి హిందుస్తానీ వచ్చు, తెలుగు రాదు. కాబట్టి చెప్పాల్సింది నేనే. వారం రోజుల పాటు ఆమె ఆ మాటలు నాతో వల్లె వేయించింది. "ఎక్కువేటీ అడగొద్దప్పా. మజ్జానం ఒక గంట. ఎల్లి పాలిచ్చి వొచ్చేత్తాను. ఆ గంటసేపు దొరసాని గుంటణ్ని నువ్వు సూడు. నీకు సేతులెత్తి దండం ఎడతాను."

"ఓస్, ఇంతోటి దానికి దండాలెందుకే" అన్నాను. అన్నానే గాని, ఆ మాట నా లోపల ఎక్కడో ముల్లులా దిగింది. ఆ గంట అంటే నా గంట. నా గోనెసంచి.

ఇన్‌స్పెక్టర్ దొర వచ్చాడు. ముందు లైనులన్నీ తిరిగి, టీ తాగడానికి బంగళాకి వచ్చాడు. కొలంబర్ పక్కనే ఉన్నాడు, దొరసాని వరండాలో కుర్చీలో కూర్చుంది. వెళ్లబోతూ ఇన్‌స్పెక్టర్ మా ఇద్దరి వైపు తిరిగి, ఏమైనా తక్లీఫ్ ఉందా, అంటే కష్టం ఉందా అని అడిగాడు. ఆమె ఒక్క అడుగు ముందుకు వేసింది. చంకలో దొరసాని కొడుకు, చేతిలో కొబ్బరితాడు. ఒక్కో ముడి పట్టుకుని ఇది ఫలానా, ఇది ఫలానా అని తెలుగులో చెప్పుకుంటూ పోయింది. వణక్కుండా చెప్పింది. లైను వైపు చెయ్యి చాపి బిడ్డ సంగతి చెప్పింది. ఎండలో దారి చూపించి, ఎల్లి వొచ్చేత్తాను బాబూ, పరుగున వొచ్చేత్తాను అంది. చెప్పడం అయ్యాక నా మొహంలోకి చూసింది.

"ఈ మద్రాసీ ఏమంటోంది?" అని ఇన్‌స్పెక్టర్ నన్ను అడిగాడు.

కొలంబర్‌కి భయపడ్డానని చాలా ఏళ్లు నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. ఫ్రీ పేపర్ వచ్చాక నది ఒడ్డున వరి నేలకి కొలంబర్ ఒక మాట సాయం చేస్తానన్నాడు, పాడు చేసుకోలేకపోయాను అని కూడా చెప్పుకున్నాను. అవన్నీ ఉన్నాయి, కాదనను. కానీ ఆ క్షణాన నా కళ్ల ముందుకి వచ్చింది కొలంబర్ కాదు. ఎర్రటి మధ్యాహ్నం, వాలబోతున్న నా నడుం, చెవి దగ్గర దొరసాని పిల్లాడి ఏడుపు. నా కునుకు పోతుందని, ఛీ, ఒక్క గంట కునుకు పోతుందని నేను ఆమె మాట మింగేశాను.

"బాగానే ఉందట సాహెబ్. తక్లీఫ్ ఏమీ లేదట" అన్నాను.

"అంతేనా? చాలా సేపు చెప్పిందే?"

"మా వాళ్లంతే సాహెబ్. చిన్న సంగతికి చాటంత మాట్లాడతారు."

"ఆ తాడేమిటి?"

"బాబుగారి ఉయ్యాలకి పేనుతోందట."

ఇన్‌స్పెక్టర్ నవ్వాడు. దొరసాని కూడా ముచ్చటపడి నవ్వింది. వాళ్లు నవ్వడం చూసి ఆమె కూడా, పని అయిందనుకుని, నవ్వింది. ఇన్‌స్పెక్టర్ నల్ల అట్ట పుస్తకం తీసి ఏదో రాసుకుని గుర్రం ఎక్కాడు.

వంటింట్లోకి వస్తూనే నా రెండు చేతులూ పట్టుకుంది. "ఏటన్నాడప్పా?"

"కుదరదన్నాడే. ఇంటిపనికి టాస్కులు నేవంట. సర్కారు కాయితంలోనే నేదంట" అన్నాను. అంత సుళువుగా నా నోటికి ఎలా వచ్చిందో!

ఆమె తాడు చూరులో దోపేసి, "పోన్లే. సర్కారుకే నేకపోతే మనమేటి సేత్తాం. నువ్వు సెప్పేవు గదా నా కోసం, దొర ముందు. అదే సాలు" అంది. ఆ ఆదివారం ఏట్లో మొగుడు పట్టిన చేపల్లో పెద్దది ఏరి నాకు తెచ్చిచ్చింది. వండుకుని తిన్నాను. తిన్నానండీ, ముల్లు కూడా గుచ్చుకోలేదు.

అప్పుడు మొదలైంది నా అవస్థ. లైనులో కనబడిన ప్రతివాళ్లకీ ఆమె చెప్పేది. "మా అప్ప దొరనే నిలదీసింది. ఆడు కాదన్నాడనుకో, అయినా దానికెంత దైర్యం!" నేను పక్కనే ఉన్నా చెప్పేది. నోరు ముయ్యవే అని కసిరేదాన్ని. పొగిడితే నాకు సిగ్గు అనుకుని మరింత చెప్పేది. మధ్యాహ్నాలు మామూలుగానే గడిచేవి. ఆమె రాయి దగ్గరికి రావడం, నేను గోడవైపు తిరగడం. దేనికోసం అంత పాపం మూటగట్టుకున్నానో ఆ నిద్ర మాత్రం ఒక్కరోజు పట్టలేదు. కళ్లు మూసుకుని పాలు నేల మీద పడే చప్పుడు వింటూ పడుకునేదాన్ని.

కొన్నాళ్లకి ఆమె రాయి దగ్గరికి రావడం మానేసింది. ఏమిటని అడిగాను.

"ఇంకేటుందప్పా, ఎండిపోనాయి" అంది. ఎవరి మీదా నింద లేకుండా, ఉప్పు అయిపోయిందని చెప్పినట్టు చెప్పింది. ఆ పూట నేను కూర మాడ్చేసి దొరసాని చేత తిట్లు తిన్నాను. ఆ తిట్లు నాకు ఎందుకో హాయిగా అనిపించాయి.

మధ్యలో ఇన్‌స్పెక్టర్ ఒకసారి వచ్చాడట గాని లైనుల నుంచే వెళ్లిపోయాడు. ఏడాది దాటింది. ఒక ఆదివారం లైనులో ఆమె గది ముందు కూర్చున్నాను. బిడ్డకి నడక వచ్చింది. తప్పటడుగులు వేస్తూ రాయి తట్టుకుని పడి గుక్కపట్టింది. తల్లి రెండు చేతులూ చాపుకుని పరుగెత్తింది. బిడ్డ ఆ చేతుల పక్క నుంచే దాటుకుని, ఏడుస్తూ, అవతల గుమ్మంలో ఉన్న ముసలామె దగ్గరికి పోయి "అమ్మా" అని ఒళ్లో తల దూర్చింది.

చాపిన చేతులు అలాగే ఉండిపోయాయి. తర్వాత చేతుల దుమ్ము దులుపుకుని నా వైపు తిరిగి నవ్వింది. "సూసినావా అప్పా, దీనికి కూడా నాను ఆయానే."

ఇంక ఈసారి ఇన్‌స్పెక్టర్ వస్తే చెప్పి తీరతాను, కొలంబర్ నన్ను నరికినా సరే అని అక్కడే ఒట్టు పెట్టుకున్నాను. అబద్ధం సంగతి మాత్రం ఆమెకి చెప్పలేదు. ముందు పని సాధిస్తే ఆ పాపం దానంతట అదే కొట్టుకుపోతుందిలే అనుకున్నాను. ఎంత తెలివి నాది!

నా ఫ్రీ పేపర్‌కి ఇంకా రెండు నెలలుందనగా ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. అదే మనిషి. మళ్లీ వరండాలో టీ, మళ్లీ అదే ప్రశ్న. నేను కదలబోతే ఆమె నా కొంగు పట్టుకుని లాగింది. "ఎందుకప్పా, ఒకసారి సెప్పేవు గదా. కాదన్నాడు గదా. మళ్లీ నీకెందుకు మాట?" అని గొణిగింది. కొంగు విడిపించుకుని ముందుకి వెళ్లాను. అంతా చెప్పాను. తెల్లారకముందు రావడం, దీపాల వేళ దాటాక పోవడం, ఇంటిపనికి కొలత లేకపోవడం, పాలు నేలపాలు కావడం. పొలంలో పనివాళ్లకి గుంజ ఉంది, ఈ ఇంట్లో ఆడవాళ్లకి ఎక్కడుంది సాహెబ్ అని అడిగాను. కొలంబర్ మొహం కందగడ్డ అయింది. నాకు లోపల ఒక గర్వం కూడా, దాచను.

ఇన్‌స్పెక్టర్ నల్ల అట్ట పుస్తకం తీశాడు. పేజీలు వెనక్కి తిప్పాడు. పుస్తకం ఒకటుందనే నేను మర్చిపోయాను.

"పోయినసారి నువ్వే చెప్పావు కదా, ఈమెకి ఏ కష్టమూ లేదని? ఇక్కడ రాసి ఉంది. తాడు ఉయ్యాలకని కూడా చెప్పావు. అప్పుడు చెప్పింది అబద్ధమా, ఇప్పుడు చెబుతున్నది అబద్ధమా?" అన్నాడు. హిందుస్తానీలో, నింపాదిగా, ఒక్కో మాటా విడివిడిగా.

ఏడాది క్రితమైతే ఆమెకి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. కానీ ఈ ఏడాదీ ఆమె బాబుతో, చాకలతనితో, సిర్దార్ పెళ్లాంతో హిందుస్తానీలోనే మాట్లాడుతోంది. నా వెనక ఆమె ఊపిరి ఆగడం నాకు వినబడింది. వెనక్కి తిరిగి చూశాను. అలా చూడకుండా ఉంటే బాగుండేదని ఈ వయసులోనూ అనుకుంటాను. కోపం లేదు ఆ మొహంలో. ఓడ మీద నా తల ఒళ్లో పెట్టుకుని ఈమె బతుకుతుందా అని చూసినప్పుడు ఎలా చూసిందో అలాగే చూస్తోంది.

చంకలోని బాబుని దించి, నన్ను దాటి ముందుకి వచ్చింది.

"సాహెబ్, ఉస్‌సే మత్ పూఛో. హమ్‌సే పూఛో" అంది. దాన్ని అడక్కు, నన్ను అడుగు అని.

విరిగిన హిందుస్తానీలో తన సంగతి తనే చెప్పుకుంది. తాడు లేదు, వేళ్ల కణుపులు లెక్కపెట్టుకుంటూ చెప్పింది. మాట దొరకని చోట చేత్తో చూపించింది. నాకు తెలిసిన మాట అందిద్దామని ఒకసారి నోరు తెరిచాను. నా వైపు చూడకుండానే అరచెయ్యి ఎత్తి ఆపింది. చివర్లో అంది, "ఇప్పుడు నా దగ్గర పాలు లేవు సాహెబ్. అయినా ఆ గంట కావాలి. నేనెవరో నా బిడ్డకి తెలియాలి."

ఇన్‌స్పెక్టర్ చాలాసేపు రాసుకున్నాడు. కొలంబర్‌ని పక్కకి పిలిచి ఇంగ్లీషులో గట్టిగానే మాట్లాడాడు. ఆ వారంలోనే కట్టు మారింది. బంగళాలో పనిచేసే ఆడవాళ్లకి మధ్యాహ్నం ఒక గంట, పొద్దు వాలగానే సెలవు. సిర్దార్ వెటకారంగా వంటింటి వెనక నిజంగానే ఒక వెదురు గుంజ పాతి, "ఇదిగో మహారాణులూ, మీ గుంజ" అన్నాడు. ఆమె ఆ వెటకారాన్ని పట్టించుకోలేదు. గుంజ నీడ ఉతుకురాయిని తాకగానే చేతిలో ఏ పని ఉన్నా వదిలి వెళ్లిపోయేది. ఆ గంట బాబు నా దగ్గర ఉండేవాడు. మంచి పిల్లాడు, చాలా రోజులు ఏడవను కూడా ఏడ్చేవాడు కాదు.

ముందు నోరు విప్పింది నేనే కాబట్టి లైనులో పేరంతా నాకే వచ్చింది. పుస్తకం సంగతి వరండా దాటలేదు. ఆమె దాటనివ్వలేదు. "మీ అప్ప భలే సాధించిందే" అని ఎవరైనా అంటే పని చూసుకునేది. నాతో మాట్లాడటం మానలేదు. పప్పు ఎంత వెయ్యాలి, దొరసాని పిలుస్తోంది, ఇలాంటివన్నీ మాట్లాడేది, కాకపోతే హిందుస్తానీలో. నేను తెలుగులో అడిగితే హిందుస్తానీలో జవాబిచ్చేది. అప్పా అన్న పిలుపు ఆ వరండాలోనే ఆగిపోయింది. పనివాళ్లు పనివాళ్లతో మాట్లాడినట్టు మాట్లాడేది, అంతే.

కాన్పప్పుడు పనికి రాని రోజులు కలిపారు కాబట్టి ఆమె గిర్మిట్ ఇంకా కొన్ని నెలలు ఉంది. నా ఫ్రీ పేపర్ వచ్చిన రోజు బంగళాలో అందరికీ చెప్పి, మూట కట్టుకుని, మధ్యాహ్నం లైనుకి వెళ్లాను. అది ఆమె గంట అని నాకు తెలుసు. గది ముందు చాప మీద బిడ్డని కూర్చోబెట్టుకుని ఉంది. నేను వెళ్లి ఎదురుగా నిలబడ్డాను.

"సెల్లే, నాను ఎల్లిపోతన్నాను. తప్పు సేసినాను, పెద్ద తప్పు. తిట్టు. కొట్టు. ఒక్కసారి తెలుగులో తిట్టే, సాలు" అన్నాను. ఏడుపు ఆగలేదు నాకు.

ఆమె తల ఎత్తి చూసింది. మొహంలో కోపం అప్పుడూ లేదు.

"మద్రాసీ బాత్ హమ్ భులాయ్ గయా" అంది. మన తెలుగు నేను మర్చిపోయాను అని. తర్వాత పొద్దు వైపు చూసి, నా గంట అయిపోతోంది, నువ్వు వెళ్లు అని కూడా హిందుస్తానీలోనే చెప్పింది.

మూట నెత్తిన పెట్టుకుని నడిచాను. నాలుగు అడుగులు వేసేసరికి వెనక నుంచి ఆమె గొంతు వినబడింది. బిడ్డకి నేర్పుతోంది. "ఇది ముక్కు. ఇది సెవి. మరిదెవులే? అమ్మ. అనవే, అమ్మ."